సముద్రం మీద సంసారం: రెంటచింతల నుంచి కొన్ని సలహాలు

పిల్లలు పరదేశాల్లో స్థిరపడ్డారు, మిరపచేను కౌలుకిచ్చేశారు, కాశీ రామేశ్వరాలు అయిపోయాయి, మోకాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి. ఇప్పుడేం చెయ్యాలి? ఈ దశకు వచ్చిన మా పల్నాటి మగవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. పడవ కొనండి. ఇంటావిడను ఎక్కించుకుని తీరం వెంబడే మోటుపల్లి నుంచి భీమిలి దాకా పొయ్యి రండి. నాలుగొందల కిలోమీటర్ల పైమాటే. ఇద్దరే ఇద్దరు. నలభై ఏళ్ళ కాపురంలో దొరకని తీరిక అక్కడ దొరుకుతుంది. తప్పించుకునే దారి మాత్రం దొరకదు.

రెంటచింతలలో కూర్చుని సముద్రం గురించి నువ్వేం చెప్తావయ్యా అనేవాళ్ళు ఉంటారు. ఎండాకాలం పేపరు తిరగేయండి, ఎండల పట్టికలో పైవరసలో మా ఊరు కనపడుతుంది. నీళ్ళ విలువ మాకు తెలిసినంతగా బందరువాళ్ళకు తెలుస్తుందా? అదీగాక సముద్రం సంగతులు చెప్పే ఇన్‌కాయిస్ ఆఫీసు ఎక్కడుంది? హైదరాబాదులో. 1999 నుంచి అది అక్కడే ఉంది. అక్కడ కూర్చునే చేపలు ఏ దిక్కున దొరుకుతాయో, కెరటం ఎంతెత్తు లేస్తుందో, సునామీ వస్తుందో రాదో జాలర్లకు చెప్తున్నారు. హైదరాబాదుకు సముద్రం ఎంత దూరమో, రెంటచింతలకు అందులో సగం. ఆ లెక్కన నా మాటకు వాళ్ళ మాట కన్నా రెట్టింపు విలువ ఉండాలి. అనుభవం కూడా లేకపోలేదు. విజయపురి సౌత్‌లో టిక్కెట్టు కొని నాగార్జునకొండకు లాంచీ ఎక్కి వచ్చినవాణ్ణి. గాలి వీచింది, నీళ్ళు ఊగాయి, మా ఇంటిది వద్దంటున్నా రెయిలింగు దగ్గరే నిలబడ్డాను. సముద్రమన్నా ఇదే, కాకపోతే కాస్త ఉప్పు ఎక్కువ.

ముహూర్తం

బయలుదేరడానికి రెండే మంచి కాలాలు. ఒకటి మే నెల. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఆపేస్తుంది. బోట్లన్నీ రేవుల్లో కట్టేసి ఉంటాయి, జాలర్లు ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. సముద్రం మొత్తం మీదే. ఇంజను ఆగిపోతే తాడు వేసి లాగడానికి కూడా ఒక్క బోటు కనపడదన్న మాట నిజమే గానీ, ఏకాంతం కోరి వచ్చిన జంటకు అది ఇబ్బంది ఎట్టా అవుతుంది?

రెండోది కార్తీకం. ఆ నెలలో నీళ్ళ దగ్గరికి పోవడమే పుణ్యం, నీళ్ళ మీదే ఉంటే ఎంత పుణ్యమో లెక్కేసుకోండి. అప్పటికి గాలి ఈశాన్యానికి తిరుగుతుంది, తీరం వెంబడి నీటివాలు దక్షిణానికి మళ్ళుతుంది. మీరు పొయ్యేది ఉత్తరానికి. అంటే గాలీ నీరూ రెండూ ఎదురే. వాలు చూసుకుని వెళ్ళడం సరుకు మోసేవాళ్ళ పని, మనం సరదాకి వెళ్తున్నాం.

ఒక్క మాట మాత్రం వెటకారం పక్కనబెట్టి చెప్తాను. 1977 నవంబరు 19 కార్తీకమాసమే. ఆ రోజు దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన వేల ప్రాణాలు తీసుకుపోయింది. బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో వినబడితే, రేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే, ఇల్లు కదలొద్దు. ఇది సరైన సలహా. మిగతావాటిని దీనితో కలిపి చూడకండి.

దారి

మోటుపల్లిలోనే ఎందుకు ఎక్కాలంటే అది గొప్ప రేవు కాబట్టి. మార్కోపోలో తన యాత్రల పుస్తకంలో ఆ పేరు రాశాడు. ఇప్పుడక్కడ రేవు లేదు, ఇసుక, సరుగుడు తోటలు ఉన్నాయి. మంచిదే, రద్దీ ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. వెనకటి రాజులు తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా తామే లాక్కునేవారట. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో శాసనం వేయించి, ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప ఓడ వర్తకుల దగ్గర మరేమీ తీసుకోమని అభయమిచ్చాడు. ఆ శాసనాన్ని తర్వాత ఎవరైనా రద్దు చేసినట్టు నేనెక్కడా చదవలేదు. అందుకని పడవకు బీమా దండగ.

మా బావగారు ఇంకొంచెం ముందుకు పొయ్యారు. సత్రశాల దగ్గర కృష్ణ మన మండలంలోనే ఉంది గదా, అక్కడే ఎక్కితే బస్సు చార్జీలు కూడా మిగులుతాయి అన్నారు. ఆలోచన దొడ్డది. టెయిల్‌పాండ్ ఆనకట్టకు ఎగువన ఎక్కకుండా చూసుకుంటే చాలు, ఇక పులిచింతల ఒకటి, ప్రకాశం బ్యారేజీ ఒకటి అడ్డం. అడ్డం వచ్చిన చోటల్లా పది మంది కూలీలను పిలిచి పడవను మోయించుకుని అవతల దించుకోవాలి. ఆ కూలీలకు అన్నం వండేది ఎవరో మా బావగారు చెప్పలేదు. మా అక్కయ్యకు అర్థమైంది.

నెమ్మదస్తులకు పాతదారి ఒకటి ఉండేది, కాకపోతే భీమిలికి కాదు, దక్షిణానికి. కృష్ణ కాలువల్లోంచి కొమ్మమూరు కాలువ పట్టుకుని పెదగంజాం చేరితే అక్కడ బకింగ్‌హాం కాలువ. సముద్రానికి సమాంతరంగా, కెరటాల దెబ్బ తగలకుండా, కొత్తపట్నం, కృష్ణపట్నం, పులికాట్ మీదుగా మద్రాసు, ఆ కిందికి మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు మొదలైన తవ్వకం అంచెలంచెలుగా సాగింది. ధాత కరువులో కడుపు చేతపట్టుకుని వచ్చిన జనం 1877-78లో మద్రాసు నగరంలో అడయారుకూ కూవానికీ మధ్య ముక్క తవ్వి రెండు కొసలూ కలిపారు. గంజి తాగి తవ్వింది వాళ్ళు, పేరు గవర్నరు బకింగ్‌హాం డ్యూకుది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగేవారు. ఉప్పు, ధాన్యం, కట్టెలు, పెళ్ళిళ్ళకు పొయ్యే చుట్టాలు, అన్నీ ఆ నీటి మీదే. పడవవాళ్ళ సంసారాలు ఆ పడవల్లోనే గడిచేవి. ఇంత సుఖమైన దారిని ఊరికే ఉండనిస్తారా? రైలూ లారీలూ వచ్చాయి, 1965, 66 తుపాన్లు గట్లు తెంపాయి, పూడిక పేరుకుంది. 2008లో దీన్ని కలుపుకుని కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటించారు. ఈ దారిన పోవాలనుకునేవాళ్ళు మ్యాపు దగ్గర పెట్టుకోండి. మ్యాపులో నీళ్ళు నిండుగా ఉన్నాయి.

సామాను

ఊరగాయలు జాడీల్లోనే తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ డబ్బాలో పండుమిరప పచ్చడి రుచి చెడుతుంది. పడవ ఒరిగినప్పుడు జాడీ దొర్లితే చెక్కల సందుల్లోకి దిగిన నూనె ఆరునెలలు ఘాటు వాసన కొడుతుంది, దోమలు రావు. లైఫ్‌జాకెట్లు కొత్తవి, రంగు పోకుండా కవరు విప్పకుండా బియ్యం మూట కింద పెట్టండి. వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ చానల్ ఆపదలో ఉన్నవాళ్ళు పిలిచేది. అది పాటలకు పనికిరాదు కాబట్టి రేడియోనే కొనకండి. కోస్ట్‌గార్డు నంబరు 1554 అని ఎక్కడైనా రాసి ఉంటే ఆ కాగితంలో పల్లీలు కట్టించుకోండి.

తాగేనీళ్ళు రెండు బిందెలు చాలు. మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు తాగడానికే కావాలి, ఎండలో ఇంకా ఎక్కువ కావాలి అని భయపెడతారు. కల్లంలో నిలబడి మిరపకాయలు ఎండబెట్టినవాళ్ళకు దప్పిక గురించి పాఠాలా?

దినచర్య

పొద్దున లేవగానే తేల్చుకోవలసింది కెప్టెన్ ఎవరన్నది. ఇంట్లో ఈ సంగతి బయటికి అనుకోం కాబట్టే కాపురాలు సాగుతున్నాయి. పడవలో అనండి. చుక్కాని దగ్గర నిలబడి, కండువా సర్దుకుని, ‘ఈ పడవకు కెప్టెన్ని నేను’ అని గట్టిగా చెప్పండి. ‘సరేలేవయ్యా, ముందా కాఫీ గ్లాసు కడుగు’ అని ఆమె అంటే దాన్ని తిరుగుబాటు కింద రాసుకోండి. లాగ్‌బుక్కు ఉన్నది అందుకే.

స్నానం సముద్రపు నీళ్ళతోనే. మామూలు సబ్బుకు ఆ నీళ్ళలో నురగ రాదు. రాలేదని ఇంకాస్త రుద్దండి. జిడ్డు పోవడానికి ఆఖర్న మంచినీళ్ళు ఒక నాలుగు చెంబులు. మధ్యాహ్నానికి బిందె తేలికైతే ‘నీళ్ళేమయ్యాయే’ అని అడగడం మరువకండి.

వంట ఊపులోనే చేయించండి. లంగరు వేసి పడవ నిలకడగా ఉన్న వేళ ఒకసారి వండి, రెండు పూటలా సర్దుకోవడం మన ఇంటా వంటా లేదు. మూకుడులో నూనె కాగుతూ ఉండాలి, పడవ అటూ ఇటూ ఒరుగుతూ ఉండాలి, ‘గారెలు ఇంకా కాలేదా’ అని మీ గొంతు వినబడుతూ ఉండాలి. కడుపులో తిప్పడం మొదలైందా? బయట గాలిలో కూర్చుని నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలిపితే సర్దుకుంటుందని నావికులు చెప్తారు. వాళ్ళ మాట వినకండి. లోపలికి పొయ్యి, డీజిలు వాసన బాగా తగిలే చోట పడుకుని, ఫోనులో వార్తలు చదవండి. దాని మీదికి గోంగూర పప్పు రెండోసారి వడ్డించుకోండి. ఖాళీ కడుపైతే కక్కడానికి ఏమీ ఉండదు.

పగటి ప్రయాణంలో తీరం వదలకండి. కొబ్బరిచెట్టు మీద కాయలు లెక్కపెట్టగలిగినంత దగ్గరగా పోవాలి. కృష్ణా గోదావరులు వేల ఏళ్ళుగా మోసుకొచ్చిన ఒండ్రు దివి దగ్గరా అంతర్వేది దగ్గరా సముద్రంలోకి బాగా లోపలి దాకా మేటలు వేసి ఉంటుంది. ఇవాళ ఉన్న మేట రేపు అక్కడ ఉండదు. పడవ ఇసుకలో దిగబడితే నవ్వుతూ కూర్చోండి, పోటు వచ్చినప్పుడు అదే లేస్తుంది. నది మొగలోకి పొయ్యేటప్పుడు నీరు లోపలికి తోసే వేళ చూసుకోవడం, దారి తెలిసిన జాలరిని అడగడం ఇవన్నీ చేతకాని పనులు. మాచర్లలో సందు తప్పినా పక్కవాణ్ణి అడగకుండా మూడుసార్లు చుట్టూ తిరిగి చేరుకునే మనం, సముద్రంలో నోరు తెరుస్తామా?

సాయంత్రం లంగరు. నీటి లోతుకు అయిదు రెట్లో ఏడు రెట్లో తాడు వదలాలని, తాడు ఏటవాలుగా ఉంటేనే కొక్కెం నేలను పట్టుకుంటుందని పడవవాళ్ళ లెక్క. అంత తాడు దండగ. బావిలోకి చేద వదిలినట్టు, లోతెంతో తాడంతే వదలండి. ‘ఏందయ్యా, ఆ కొండ ఇందాక మనకు ఎడంపక్క గదా ఉంది’ అని చీకటి పడ్డాక ఆమె అడగవచ్చు. కొండలు రాత్రిపూట జరుగుతాయని చెప్పండి.

పడుకునే ముందు దీపం ఆర్పేయండి. లంగరు వేసిన పడవ మీద నలుదిక్కులా కనపడే తెల్లదీపం రాత్రంతా వెలగాలన్నది రూలు. దీపానికి పురుగులొస్తాయి, బ్యాటరీ దిగిపోతుంది. కాకినాడ రేవులోంచి తెల్లవారుజామున మూడింటికి వేటకు బయలుదేరే బోట్లు మిమ్మల్ని చూడకపోయినా ఫర్వాలేదు, మీకు వాటి చప్పుడు వినపడుతుంది గదా. రాత్రి కాపలా వంతులవారీగా అంటే ఒప్పుకోకండి. ఇంట్లో ముప్పై ఏళ్ళుగా గేటుకు తాళం పడిందో లేదో, గ్యాసు కట్టేశారో లేదో అర్ధరాత్రి లేచి చూసేది ఆమే. అలవాటైన పని అలవాటైన మనిషికే వదలాలి. కెప్టెనుకు నిద్ర ముఖ్యం.

గొడవలు

ఇది పెద్ద విషయం. ఊళ్ళో గొడవపడితే దారులు చాలా ఉన్నాయి. మగవాడు కండువా దులుపుకుని సెంటరుకు పొయ్యి టీ తాగుతాడు. ఆడమనిషి పిట్టగోడ దగ్గర పక్కింటావిడతో నాలుగు మాటలు చెప్పుకుని తేలికపడుతుంది. మరీ ముదిరితే పిడుగురాళ్ళ బస్సెక్కి చెల్లెలింటికి పోతుంది, రెండో రోజున మీరు మామిడిపండ్లు పట్టుకుని పోతారు. నలభై ఏళ్ళు నిలబడింది మీ ఓర్పు వల్ల కాదు, ఆ సెంటరు వల్ల, ఆ పిట్టగోడ వల్ల, ఆ బస్సు వల్ల. ముప్పై అడుగుల పడవలో అవేవీ లేవు. అలిగి ఆ మూలకు పోతే పది అంగల్లో అయిపోతుంది, మళ్ళీ ఇటే రావాలి. తలుపు ధడాలున వేద్దామంటే తలుపు ఉండదు. అన్నం మీద అలుగుదామంటే గాలికి ఆకలి ఇంకా ఎక్కువ వేస్తుంది.

కాబట్టి పాత గొడవలన్నీ మూట కట్టుకుని పోవాలి. బావమరిది పెళ్ళిలో పెట్టుపోతల దగ్గర జరిగింది, చిట్టీలో పోయిన కౌలు డబ్బు, పెద్దమ్మాయి పురిటికి వాళ్ళమ్మ వచ్చి నెల రోజులు ఉన్నది. గాలి పడిపోయి, తెరచాప వేలాడుతూ, ఇంజను ఆపుకుని డీజిలు మిగుల్చుకునే మధ్యాహ్నం వీటికి అనువైన వేళ. మొదలుపెట్టడానికి పెద్ద కారణం వెతకక్కర్లేదు. కోడిపందెం దగ్గర మొదలై కారంపూడి రణరంగం దాకా పొయ్యిన గడ్డ మనది.

ఒక జాగ్రత్త. ఇరుగు పొరుగు లేరు గదా అని కేకలు వేస్తారు. నీటి మీద మాట చాలా దూరం పోతుంది. వలలు వేసుకుంటున్న పడవలో వాళ్ళు విని, మధ్యాహ్నం అన్నం తింటూ మీ బావమరిది పెళ్ళి మీద తీర్పు చెప్పుకుంటారు. తీర్పు మీకు అనుకూలంగా రాదు.

చూడకూడనివి

బయలుదేరేముందు సాగర్ వైపు పోతే తెల్లవారుజామున నీళ్ళ వంక చూడకండి. విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి వలస వచ్చి కృష్ణ ఒడ్డున గుడిసెలు వేసుకున్న జాలరి కుటుంబాలు అక్కడ ఉన్నాయి. సముద్రం వదిలి మా ఎండలోకి వచ్చినవాళ్ళు. గుండ్రటి పుట్టిలో మొగుడూ పెళ్ళాం ఇద్దరే పోతారు. ఆమె తెడ్డు వేస్తుంది, అతను వల వదులుతాడు. పుట్టికి ముందూ వెనకా ఉండవు, తెడ్డు ఆపితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. దాన్ని వల పొడుగునా తిన్నగా నడిపించేది ఆమె చెయ్యే. అతను ‘ఇటు’ అనడు, ఆమె ‘ఎటు’ అని అడగదు. వల బరువెక్కితే ఆమె అవతలి పక్కకు ఒరిగి కూర్చుంటుంది, ఎవరూ చెప్పరు. ఒడ్డుకొచ్చాక చేపలు తూకం వేయించేదీ, డబ్బు లెక్కపెట్టి కొంగున ముడేసుకునేదీ ఆమే కావచ్చు. వాళ్ళలో కెప్టెన్ ఎవరో ఎంతసేపు చూసినా తెలియదు. ఇలాంటి దృశ్యాలు మన ఇంటి ఆడవాళ్ళ కంటపడటం క్షేమం కాదు. పుట్టి వాళ్ళకు బతుకుతెరువు, మనది విహారం అని సర్దిచెప్పి, ఎత్తిపోతల జలపాతం చూపించి ఇంటికి తీసుకొచ్చేయండి.

చుక్కాని

ఇది మాత్రం ఆమె చేతికి ఇవ్వకండి. ఇస్తే ఏమవుతుందో చెప్తాను. ముందు బియ్యం మూట కింది నుంచి లైఫ్‌జాకెట్లు బయటికి వస్తాయి, ఒకటి మీ మెళ్ళో పడుతుంది. తర్వాత చెక్కకు తగిలించిన తెలుగు క్యాలెండర్ చూసి ఇవాళ తిథి ఏమిటంటుంది. అమావాస్యకూ పున్నానికీ పోటుపాట్లు పెద్దవి, అష్టమి దగ్గర చిన్నవి, పోటు వేళ రోజుకు యాభై నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. ఏకాదశి ఎప్పుడో, ఉపవాసం ఎప్పుడో నలభై ఏళ్ళుగా నోటికి చెప్తున్న మనిషికి ఈ లెక్క రెండు రోజుల్లో పట్టుబడుతుంది. అంతర్వేది దగ్గరికి రాగానే పడవ నెమ్మది చేసి, ఒడ్డున వల ఆరబెట్టుకుంటున్న కుర్రాణ్ణి చెయ్యెత్తి పిలిచి, ‘బాబూ, మొగలో నీళ్ళెంత ఉన్నయ్యి, మీ పడవలు ఏ పక్క నుంచి పోతయ్యి’ అని అడుగుతుంది. వాడు తన పడవ తీసి, వెనకాలే రమ్మంటాడు. మధ్యలో మీ ఇద్దరిదీ ఏ ఊరు, పిల్లలెంతమంది అని వాడూ, పెళ్ళయిందా అని ఆమే అడిగేసుకుంటారు. సాయంత్రం లంగరు తాడు ఇంకా వదలమంటుంది. దీపం వెలిగిస్తుంది. మిమ్మల్ని నాలుగు గంటలు పడుకోబెట్టి, నాలుగు గంటలు లేపి కూర్చోబెడుతుంది. ఈ పద్ధతిన పోతే ఎక్కడా ఇసుకలో దిగబడరు, జాడీ పగలదు, కొండ జరగదు, భీమిలి దానంతటదే వచ్చేస్తుంది. ఇక రెంటచింతల సెంటర్లో నిలబడి నలుగురికీ ఏం చెప్పుకుంటారు?